ఒకే యంత్రం - లక్ష ప్రశ్నలు

తమ్మిలేరు, బుడమేరు మొదలైన ఏరులెన్నో కొల్లేటిలో కలుస్తాయి. ఆ నీరు సముద్రాన్ని చేరే మార్గం మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వానలు విస్తారంగా కురిసినప్పుడు వచ్చే నీరు పోయే నీటిని మించి, లంక గ్రామాలు ముంపునకు గురవుతాయి. పరీక్షా ఫలితాలు వెలువడేనాడు వాటిని అందించే కంప్యూటరుకూ ఇంచుమించు ఇదే అవస్థ.

ఈ కంప్యూటరును సర్వర్ అంటారు. ఒకే సర్వర్‌ను పలు సంస్థలు పంచుకోవడమూ కద్దు. ఏలూరు కళాశాల ఫలితాలు, తాడేపల్లిగూడెం వర్తకుని లెక్కలు ఒకే యంత్రంలో ఉండవచ్చు. ఒకరి డేటాబేస్ యంత్రశక్తినంతా హరిస్తే, ఏ తప్పూ చేయని రెండవవారు వేచి ఉండక తప్పదు.

ఇటువంటప్పుడు పెద్ద యంత్రాన్ని కొనడమే ఉపాయమని చాలామంది తలుస్తారు. అది తొందరపాటు. జాప్యానికి కారణమేదో ముందు తెలియాలి. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వ్యవస్థలో ఆలస్యమైన ప్రశ్నలను నమోదు చేసే చిట్టా ఒకటి ఉన్నది. అయితే దానిని మనమే ప్రారంభించాలి. మనము మార్చనిచో అది 10 సెకన్లు దాటిన ప్రశ్నలనే పట్టుకుంటుంది. ఫలితాలనాడు 10 సెకన్లంటే ఒక యుగమే!

ఆ చిట్టాలో తరచుగా కనిపించే దోషం ఇండెక్స్ లేకపోవడం. పైడిపాటి లక్ష్మణకవి రచించిన 'ఆంధ్రనామసంగ్రహము' పద్యరూపమైన నిఘంటువు. పదాలు వర్గాలుగా ఉంటాయి. పద్యాలు కంఠస్థమైనవారికే అది వశమవుతుంది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' అకారాది క్రమంలో ఉన్నందున ఎవరైనా క్షణంలో పదాన్ని వెదకవచ్చు. ఇండెక్స్ చేసే పని ఇదే. పది లక్షల మంది వివరాలున్న పట్టికలో హాల్ టికెట్ నంబరుకు ఇండెక్స్ లేకుంటే, యంత్రం వరుసలన్నింటినీ తిరగవేయవలసి వస్తుంది. అంకెలు క్రమంలో ఉంటే, సగానికి సగం విడదీస్తూ పోయినా 20 పోలికలతో పని ముగుస్తుంది. కాని పదాన్ని దాని చివరి అక్షరంతో వెదకబోతే శబ్దరత్నాకరమూ తోడ్పడదు; పేరు చివరి భాగంతో వెదికేవారికి మామూలు ఇండెక్సూ అంతే. పైగా కొత్త వరుస చేరినప్పుడల్లా ఇండెక్స్‌నూ సవరించాలి గనుక, కనబడ్డ ప్రతి గడికీ దానిని తగిలించరాదు.

ఒకసారి ప్రకటించిన మార్కులు అరుదుగా మారుతాయి. కావున ఒకమారు చెప్పిన సమాధానాన్ని జ్ఞాపకశక్తిలో నిలిపి, మళ్ళీ అడిగినవారికి అదే అందించవచ్చు. దీనిని క్యాష్ అంటారు. డేటాబేస్‌తో ఏకకాలంలో ఏర్పడే అనుసంధానాలకూ హద్దు ఉండాలి. హద్దు లేనిచోట అందరూ ఒక్కసారి లోపలికి వచ్చి, ఒక్కరి పనీ పూర్తికాదు.

కొల్లేటి లంకలో సిగ్నల్ సరిగా అందని విద్యార్థి, జవాబు రాలేదని బటన్‌ను పదే పదే నొక్కుతాడు. ప్రతి నొక్కూ సర్వర్‌కు మరో కొత్త ప్రశ్నే; అతడు విడిచిన మొదటి ప్రశ్న కొరకు యంత్రం ఇంకా శ్రమిస్తూనే ఉంటుంది. అందుచేత అనుభవజ్ఞులైన నిపుణులు, ఒకసారి నొక్కిన బటన్ జవాబు వచ్చేదాకా పనిచేయకుండా పేజీని రూపొందిస్తారు.