తల బొచ్చెది, మూతి శీలావతిది!

చెరువు పట్టేనాడు గట్టు మీద చేపలను రకాల వారీగా వేరు చేస్తుంటే ఒక్కోసారి ఏ కుప్పలో వేయాలో తెలియని చేప చేతికి వస్తుంది. తల చూస్తే బొచ్చె తలంత పెద్దది కాదు, శీలావతి తలంత చిన్నదీ కాదు. ఒళ్లు బొచ్చెలా వెడల్పు. పెదవి మాత్రం శీలావతి పెదవిలా కుచ్చులు తిరిగి వుంటుంది. పనివాళ్లు దాన్ని అటూ యిటూ తిప్పిచూసి ఏదో ఒక కుప్పలో పడేస్తారు. కాటా మీద బరువు తూగితే చాలు గనుక రైతూ పట్టించుకోడు. పట్టించుకోవలసిన సంగతే అది. ఆ చేప తల్లి ఒక జాతి, తండ్రి మరో జాతి. అటువంటివి ఎక్కువైతే నష్టపోయేది ముందుగా చెరువు రైతే.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు... పుస్తకాల్లో కట్ల, రోహు, మృగాల అని రాసేవి వీటినే. ఈ మూడూ దగ్గరి చుట్టాలు. ఎంత దగ్గరంటే, వేరే ప్రజాతిగా లెక్కించిన బొచ్చెను కొందరు శాస్త్రజ్ఞులు యిప్పుడు శీలావతి ప్రజాతిలోనే కలిపి చెబుతున్నారు. మూడింటి కణాల్లోనూ క్రోమోజోములు 50 చొప్పునే వుంటాయి. ఒకే యింటి అన్నదమ్ముల వంటి ఈ చేపలు నదిలో ఏ కాలం నుంచో పక్కపక్కనే బతుకుతూ కూడా ఎవరి రూపు వారు నిలుపుకొన్నాయి. ఎలాగన్నది ఆలోచిస్తే విచిత్రంగా వుంటుంది.

ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంతస్తు

జవాబు వాటి నోటిలోనే వుంది. బొచ్చె నోరు పైకి తిరిగి వుంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. మొప్పల లోపల దువ్వెన పళ్లవంటి సన్నని ముళ్లు ఒత్తుగా వుంటాయి. నీటి పై పొరలో తేలే కంటికి ఆనని పురుగులను అది ఆ దువ్వెనతో వడకట్టుకొని తింటుంది. శీలావతి నోరు కాస్త కిందికి వుంటుంది. కుచ్చు పెదవులతో నాచునూ, మెత్తని ఆకునూ గీరుకుంటూ నడిమి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు అడుగు చేరి బురదలోని కుళ్లును తింటుంది. ఒకే నీరు, మూడు అంతస్తులు. ఒకరి కంచంలో మరొకరు చేయి పెట్టరు.

ఈ ఏర్పాటు ఒక్కనాడు జరిగింది కాదు. పిల్లలన్నీ ఒకే తీరుగా పుట్టవు. కాస్త పైకి తిరిగిన నోరుతో పుట్టిన పిల్లకు పై పొరలోని మేత ఎక్కువ దొరుకుతుంది, అది బలంగా పెరిగి ఎక్కువ గుడ్లు పెడుతుంది. తిండి సరిగా అందనిది సన్నబడి, పెద్ద చేపకో కొంగకో ఆహారమవుతుంది. వేల తరాలు యిలా గడిస్తే మేతకు తగిన నోరు నిలుస్తుంది, తగనిది పోతుంది. చార్లెస్ డార్విన్ 1859లో వెలువరించిన గ్రంథంలో చెప్పిన ప్రకృతి వరణం యిదే. మన రైతుకు యిది కొత్త మాటేమీ కాదు. మంచి వెన్ను చూసి విత్తనానికి దాచుకొనే పనే అది. అక్కడ ఏరేవాడు లేడు, బతుకు పోరే ఏరుతుంది.

మరి గుడ్లు పెట్టే వేళ? అక్కడే చిక్కు. మూడు జాతులూ వానాకాలపు కొత్త నీటికే ఎదురుచూస్తాయి. వరద పొంగి ఒడ్డు పల్లాలు మునిగినప్పుడు ఎదురెక్కి వచ్చి, పలుచని నీటిలో గుడ్లు పెడతాయి. ఆడ చేప గుడ్లను నీటిలోకి వదులుతుంది, మగ చేప పాలవంటి వీర్యాన్ని వాటి మీద చల్లుతుంది. అయినా మగ చేప తన జాతి ఆడదానినే వెంటాడుతుంది. పారే నీటిలో వీర్యం నిమిషాల్లో చెదిరి శక్తి కోల్పోతుంది. అందుచేత పక్క జాతి గుడ్డును చేరే అవకాశం తక్కువ. ఎప్పుడైనా చేరి సంకరం పుట్టినా దాని నోరు అటు పై మేతకూ యిటు నడిమి మేతకూ పూర్తిగా అమరదు. మేత దండిగా వున్న చెరువులో అది నెగ్గుకు రాగలదు గాని, కరువు నెలల నదిలో అసలు జాతులతో పోటీపడి నిలవడం కష్టం. నదిలో సంకరాలు అసలు లేవని కాదు, అరుదు.

తొట్టిలో తెగిన కట్టు

పూర్వం చేపపిల్లలు కావాలంటే గంగ వంటి నదులలో వరద రోజుల్లో పట్టి తేవలసిందే. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, కె.హెచ్. అలికుని గార్లు చేప మెదడు కింద వుండే పీయూష గ్రంథి రసాన్ని తల్లి చేపలకు సూదితో ఎక్కించి, నది లేకుండానే గుడ్లు పెట్టించగలిగారు. జూలై 10ని దేశమంతటా మత్స్య రైతుల దినంగా జరుపుకోవడం అందుకే. ఆ సూది లేకపోతే కొల్లేరు చుట్టూ యిన్ని వేల ఎకరాల చెరువులు వచ్చేవి కావు. దాని మేలును తక్కువ చేయడానికి లేదు.

తరువాత చైనా తరహా గుండ్రని సిమెంటు తొట్టెలు వచ్చాయి. సాయంత్రం తల్లి చేపలకు సూది వేసి తొట్టిలో వదిలితే తెల్లవారేసరికి గుడ్లు. కిలో బరువు తల్లికి లక్షకు పైగా గుడ్లు. రోజు మారకముందే అవి పగిలి పిల్లలు వస్తాయి. నీరు గుండ్రంగా తిరుగుతుంటుంది గనుక వీర్యం చెదిరిపోదు, తిరిగి తిరిగి ప్రతి గుడ్డునూ తాకుతుంది. ఒక జాతినే వేస్తే యిది వరం. బొచ్చెను, శీలావతిని ఒకే రాత్రి ఒకే తొట్టిలో వేస్తే? నది ఎన్నో వేల ఏళ్లుగా కట్టిన కట్టు ఆ రాత్రితో తెగుతుంది.

తెలిసి కూడా అలా ఎందుకు వేస్తారంటే కారణాలు లేకపోలేదు. బొచ్చె సూదికి మిగతా రెండింటి వలె తేలికగా లొంగదు. మంచి తల్లులు తక్కువ. సీజను నెలలు కొద్ది, ఆర్డర్లు ఎక్కువ. తొట్టి ఖాళీగా వుంటే కరెంటు, కూలి దండగ. మిగిలిన మగ చేపలను పక్క జాతి ఆడ చేపలతో కలిపేసినా పిల్లలు పుడతాయి. ఆ వయసులో కొనేవాడికి తేడా తెలియదు. నూలుపోగంత పిల్లలో బొచ్చె ఏది, శీలావతి ఏది, సంకరం ఏది అని కంటితో చెప్పగలవారు లేరు.

న్యాయంగా చెప్పాలంటే మొదటి తరం సంకరం చెడ్డ చేప కాదు. బొచ్చె, శీలావతిల పిల్ల శీలావతి కంటే త్వరగా పెరుగుతుంది. బొచ్చె కంటే తల చిన్నది గనుక కండ ఎక్కువ. సంతలో కొనే యిల్లాలికి దానితో పేచీ ఏమీ లేదు. పేచీ రెండో తరంతో వస్తుంది.

గాడిద, గుర్రం కలిస్తే పుట్టే కంచరగాడిదకు పిల్లలు పుట్టవు. బంగారు తీగకు క్రోమోజోములు 100 వరకు వుంటాయి. దాన్ని 50 వున్న మన చేపతో కలిపితే 75తో పుట్టే పిల్ల కూడా గొడ్డుదే, కథ అక్కడితో ఆగుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసుల సంగతి అలా కాదు. లెక్క సరిపోతుంది గనుక సంకరానికి గుడ్లు వస్తాయి, పిల్లలూ పుడతాయి. ఆ పిల్లలు ఒక తీరున వుండవు. ఒకటి తాతను పోలితే, మరొకటి అమ్మమ్మను పోలుతుంది, యింకొకటి ఎవరినీ పోలదు. రూపు చూసి బొచ్చె అనుకొన్నదానిలో నాలుగోవంతు శీలావతి రక్తం వుండవచ్చు. దాన్నే తల్లి చేపగా దాచుకొంటే ఆ కల్తీ మళ్లీ లక్షల పిల్లల్లోకి పోతుంది.

బంగ్లాదేశ్ హేచరీల్లో వెండి చేప, బిగ్‌హెడ్ అనే చైనా చేపల మీద డి.ఎన్.ఎ. పరీక్షలు చేశారు. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. చూపుకు అచ్చంగా వెండి చేపలే అయినవాటిలో కొన్ని బిగ్‌హెడ్ రక్తం మోస్తున్నాయని తేలింది. కంటిని నమ్మి తల్లి చేపను ఎంచుకొంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మిసిసిపీ నదిలో వంకర దువ్వెనలు

ఈ చైనా చేపలే అమెరికాలో మరో సంగతి బయటపెట్టాయి. సొంతగడ్డ మీద యాంగ్‌ట్సీ నదిలో ఈ రెండూ పెద్దగా కలవకుండా పక్కపక్కనే వుంటాయి. 1970 దశకంలో అమెరికాకు తీసుకువెళ్లిన చేపలు చెరువులు దాటి మిసిసిపీలో పడ్డాయి. కొత్త నదిలో పాత కట్లు పనిచేయలేదు. అక్కడ పట్టి పరీక్షించిన చేపల్లో సగానికి కొంచెం తక్కువ సంకరాలేనని తేలింది. వెండి చేప మొప్పల్లోని వడపోత జల్లెడలా అల్లుకొని వుంటుంది, బిగ్‌హెడ్‌ది విడివిడి పళ్ల దువ్వెన. సంకరాల్లో చాలావాటికి అది జల్లెడా కాలేదు, దువ్వెనా కాలేదు, మెలికలు తిరిగింది. అటువంటి చేపలు పొడవుకు తగ్గ ఒళ్లు చేయలేదు. ప్రకృతి వరణం ఆ నదిలో మళ్లీ మొదటినుంచి తన పని మొదలుపెట్టిందన్నమాట.

మన చెరువులో ఆ ఏరివేత వుండదు. రైతు మేత పెడతాడు, మందు వేస్తాడు, కొంగలను తోలతాడు. వంకర నోటి చేప కూడా బతుకుతుంది. బతికినందుకు మేత తింటుంది.

నష్టం లెక్క కూడా చూద్దాం. కొల్లేరు ప్రాంత రైతు ముఖ్యంగా శీలావతిని వేసి, దానితో కొద్ది భాగం బొచ్చెను కలుపుతాడు. వెదురు గడలకు కట్టిన చిల్లుల సంచుల్లోని తవుడును శీలావతి తింటుంది. ఎరువు వేస్తే పై నీటిలో పుట్టే పురుగును బొచ్చె తింటుంది, దానికి విడిగా పెట్టే ఖర్చు కొద్ది. బొచ్చె అని కొన్న పిల్లల్లో సంకరాలు వస్తే అవి పై పురుగును పూర్తిగా వాడుకోవు, తవుడు సంచి దగ్గర శీలావతితో పోటీకి దిగుతాయి. పై అంతస్తు ఖాళీ, నడిమి అంతస్తు కిక్కిరిసిపోతుంది. తవుడు ధర పెరిగిందని బాధపడే రైతు ఈ కారణాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

చెరువు గట్టు దాటితే నష్టం మరో రకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరుకు చేరినటువంటి వరద వచ్చిందంటే చెరువుల్లోని చేపలు డ్రెయిన్లలోకి, కాలువల్లోకి పోతాయి. నదుల్లో మిగిలిన అసలు జాతి చేపలే రేపటి మంచి విత్తనానికి మూలధనం. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1992లో మేలైన శీలావతి కోసం పని మొదలుపెట్టినప్పుడు గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల నుంచి చేపలు తెచ్చింది. నార్వే శాస్త్రజ్ఞుల సహకారంతో తరం తరం ఏరి, 1997లో జయంతి రోహు పేరుతో విడుదల చేసింది. తరానికి సుమారు 17 శాతం చొప్పున పెరుగుదల హెచ్చింది. ప్రకృతి ఏరినదాని మీద మనిషి ఏరడం అంటే యిది. నదిలోని మూలం కల్తీ అయితే ఏరడానికి ఏం మిగులుతుంది?

పిల్లలు కొనే రైతు చేయగలిగింది కొంత వుంది. సీజనుకు ముందే హేచరీకి వెళ్లి తల్లి చేపలను చూపమని అడగాలి. బొచ్చె తల్లికి నోరు పైకి తిరిగి, పెదవి నున్నగా వుండాలి, మీసాలు వుండకూడదు. శీలావతికి కుచ్చు పెదవి స్పష్టంగా కనిపించాలి. రెండు లక్షణాలూ కలిసివుంటే అనుమానించాలి. ఏ రాత్రి ఏ తొట్టిలో ఏ జాతి వేశారో రాసిన పుస్తకం వుందా అని అడగాలి. చిన్న పిల్లలు కాక వేలెడు దాటిన పిల్లలను కొనేవారు గుప్పెడు తీసి తెల్లని పళ్లెంలో నీళ్లలో వేసి తలలు, మూతులు పోల్చి చూసుకోవచ్చు. నలుగురు రైతులు కలిసి వెళితే హేచరీవారు కసురుకోరు.

అయితే తొందరపడి ఫలితం చూద్దామంటే కుదరదు. బొచ్చె పిల్ల తల్లి కావడానికి మూడో ఏడు రావాలి. ఈ వానాకాలం ఒక హేచరీ కల్తీ తల్లులన్నిటినీ తీసేసి మంచి పిల్లలను పెంచడం మొదలుపెట్టినా, వాటి కడుపున పుట్టిన అచ్చమైన బొచ్చె పిల్లలు రైతు చెరువులోకి వచ్చేది ఆ తరువాతి మూడో వానాకాలానికే.