వీసా వచ్చింది, ఆ తరువాత?

‘‘మా అబ్బాయికి వీసా వచ్చిందండీ!’’ అంటూ నోట్లో పంచదార పోసే తల్లి ఈ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒకరు కనిపిస్తారు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక మళ్ళీ వెళ్ళి 108 చేసి రావడం మనకు తెలిసినదే. తరువాత ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కరు, చలికోట్లు సర్దే హడావుడి. పిల్లవాణ్ణి అమెరికా విమానం ఎక్కించి ఇంటికొచ్చి ‘హమ్మయ్య, ఒక గండం గడిచింది’ అనుకుంటాం.

కాని, అమ్మలూ, అసలు జాగ్రత్త అక్కడి నుంచే మొదలవుతుంది. వీసా సంపాదించడం ఒక ఎత్తు, వెళ్ళాక విద్యార్థిగా నిలబడడం ఒక ఎత్తు. ఈ రెండో సంగతి చాలా ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు వీసాకీ, ‘స్టేటస్’కీ వున్న తేడా తెలుసుకుందాం. పాస్‌పోర్టులో అంటించే ఎఫ్-1 వీసా గుమ్మం దాటడానికి చూపించే చీటీ మాత్రమే. లోపలికి వెళ్ళాక అక్కడ వుండే హక్కు పేరు స్టేటస్. మన పిల్లలకు వీసా తరచు 5 సంవత్సరాలకు ఇస్తారు. అంతమాత్రాన 5 సంవత్సరాలూ ఎలా వున్నా ఫరవాలేదని కాదు. చదువు మధ్యలో వీసా గడువు తీరినా, స్టేటస్ సవ్యంగా వుంటే అక్కడ వుండి చదువు పూర్తి చేసుకోవచ్చు. బయటి దేశానికి వెళ్ళి తిరిగి రావాలన్నప్పుడే కొత్త వీసా కావాలి. అదే, వీసాకు ఇంకా నాలుగేళ్ళ గడువున్నా, క్లాసులు మానేస్తే స్టేటస్ పోయినట్టే. చూశారా తేడా!

ఈ స్టేటస్‌ను నిలబెట్టే కాగితాలు రెండు. ఒకటి, కాలేజీ ఇచ్చే ఐ-20. అందులో చదువు పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ వుంటాయి. రెండోది ఐ-94. విమానం దిగి లోపలికి వెళ్ళినప్పుడు తయారయ్యే ప్రవేశ పత్రం ఇది. దీన్ని కంప్యూటరులో తీసుకుని, పేరూ, ఎఫ్-1 అన్న మాటా సరిగా వున్నాయో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి. చాలాకాలంగా ఇందులో గడువు తేదీకి బదులు, చదువు సాగినంతకాలం వుండవచ్చని అర్థం వచ్చేలా ‘డి/ఎస్’ అని వేస్తూ వచ్చారు. అలా కాక ఒక తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. కనుక ఎవరో చెప్పింది నమ్మకుండా, తన ఐ-94లో ఏముందో ఎవరికి వారు చదువుకోవాలి.

ఇక, కాలేజీలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఒకటి వుంటుంది. అక్కడ ఈ పనికోసమే నియమించిన అధికారి వుంటారు. పిల్లలు వారిని ‘డీఎస్ఓ’ అంటారు. మనవాళ్ళు ఆయన గది ఛాయలకే పోరు, సలహా అంతా గదిలో వుండే సీనియర్లనే అడుగుతారు. అది పొరపాటు. విద్యార్థి చేరాడా లేదా, ఎన్ని క్లాసులు చదువుతున్నాడు, ఎక్కడ వుంటున్నాడు అన్నవన్నీ ‘సెవిస్’ అనే ప్రభుత్వ కంప్యూటరు చిట్టాలో ఎక్కించేది ఆ అధికారే. 2003 నుంచి ఈ చిట్టా అన్ని కాలేజీలకూ తప్పనిసరి. ఏ మార్పయినా చేసే ముందు ఆయన్ని అడగాలి, చేశాక కాదు. నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇదే గుర్తుంచుకోండి.

చదువు విషయంలో నియమాలేమిటంటారా? ప్రతి సెమిస్టరూ పూర్తిస్థాయిలో చదవాలి. బి.ఎస్. వంటి డిగ్రీ చదువుకు కనీసం 12 క్రెడిట్లు. ఎం.ఎస్.కు ఎన్ని అన్నది కాలేజీ నిర్ణయిస్తుంది; చాలా చోట్ల 9 వుంటుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చదివే క్లాసులను ఈ కనీస లెక్కలో ఒక్కటి మాత్రమే, అంటే 3 క్రెడిట్ల వరకే చేరుస్తారు. ఒక సబ్జెక్టు కష్టంగా వుందని మధ్యలో వదిలేస్తే లెక్క 12 కిందకో, 9 కిందకో పడిపోవచ్చు. జబ్బు చేసినా సరే, డాక్టరు కాగితం పట్టుకుని వెళ్ళి ముందు అనుమతి తీసుకోవాలి. అప్పుడు తక్కువ చదివినా తప్పులేదు. అద్దె గది మారితే 10 రోజుల్లోగా కొత్త అడ్రసు తెలియజేయాలి. ఇది మన కంటికి చిన్న విషయమే, అక్కడ మాత్రం నియమమే.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. పని.

ఎఫ్-1 మీద వెళ్ళిన విద్యార్థి చదువు జరిగే రోజుల్లో కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. లైబ్రరీలోనో, భోజనశాలలోనో, ప్రొఫెసరు దగ్గరో. రెండు చోట్ల చేసినా రెండూ కలిపి 20 గంటలే. సెలవుల్లో అంతకన్నా ఎక్కువ చేయవచ్చు. ఆవరణ బయట మాత్రం అనుమతి లేకుండా ఏ పనీ చేయకూడదు. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ అయినా, హోటల్లో గిన్నెలు కడగడమైనా, కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమైనా ఒకటే. జీతం బ్యాంకులో వేయకుండా చేతికిస్తే తెలియదులే అంటారు కొందరు. డబ్బు ఎలా ఇచ్చినా పని పనే. అనుమతి లేని పని చేస్తే పోయిన స్టేటస్‌ను తిరిగి తెచ్చుకునే దారి కూడా మూసుకుపోతుంది.

మనకు లెక్కలు వచ్చు కదా, ఒక్క లెక్క వేసి చూద్దాం. దేశమంతటికీ వర్తించే కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. వారానికి 20 గంటలకు 145 డాలర్లు. 15 వారాల సెమిస్టరుకు 2,175 డాలర్లు. కొన్ని రాష్ట్రాల్లో వేతనం ఇంతకన్నా ఎక్కువే. అయినా అది తిండికీ, గది అద్దెలో వంతుకూ సాయపడుతుందేగాని ఫీజు కట్టదు. పైగా ఆవరణలో పని అందరికీ దొరకదు.

మరి చదివిన చదువుకు తగిన ఉద్యోగం? దానికి రెండు రాజమార్గాలున్నాయి. చదువు మధ్యలో, పాఠ్యక్రమంలో భాగంగా చేసే శిక్షణను ‘సీపీటీ’ అంటారు. సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఇది దొరుకుతుంది. అనుమతి ఐ-20 మీద ఎక్కాకే పనిలో చేరాలి. దీన్ని పూర్తికాలపు పనిగా 12 నెలలు వాడేస్తే, ఆ చదువు మీద రెండో మార్గం పోతుంది. ఆ రెండోది ‘ఓపీటీ’. దీనికింద 12 నెలలు పని చేయవచ్చు. దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపల అందాలి. కార్డు చేతికి వచ్చి, అందులో వేసిన తేదీ వచ్చాకే ఉద్యోగంలో చేరాలి. ఆ 12 నెలల్లో ఉద్యోగం లేకుండా గడిపే రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. సైన్సు, ఇంజనీరింగు, లెక్కలు వంటి చదువులవారికి మరో 24 నెలలు పొడిగించుకునే వీలుంది.

ఇన్ని దారులుండగా పిల్లలు పక్కదారి ఎందుకు పడతారు? కొందరిని మోసగాళ్ళు పట్టుకుపోతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు, అక్కడి విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలు ఎందరో. కొందరి కాళ్ళకు జాడ తెలిపే రేడియో పట్టీలు తగిలించారు. ఆ సంస్థను నడిపినావిడకు 2014లో జైలుశిక్ష పడింది గాని, పిల్లల చదువూ డబ్బూ నష్టమే. మళ్ళీ 2019 జనవరిలో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది అక్కడి ప్రభుత్వమే వలగా పన్నిన ఉత్తుత్తి కాలేజీ! అందులో క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవారు లేరు. అయినా మనవాళ్ళు వందల సంఖ్యలో డబ్బు కట్టి చేరారు. 100 మందికి పైగా భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. ‘క్లాసుకు రానక్కర్లేదు, చేరిన రోజు నుంచే ఉద్యోగం’ అని ఎవరన్నా చెబితే అక్కడే ఆగిపోవాలి.

మిగతావారిని పక్కదారి పట్టించేది ఎవరో కాదు, మనమే. కోపగించుకోకండి. ఐ-20 ఇచ్చేముందు కాలేజీ మొదటి సంవత్సరపు ఖర్చుకు డబ్బు వుందని రుజువు అడుగుతుంది. ఎందుకని? పిల్లవాడు కూలిచేసి ఫీజు కట్టుకునే అవసరం రాకూడదని. మనమేమో నాలుగు రోజులకని ఎవరి దగ్గరో తెచ్చిన డబ్బు బ్యాంకులో చూపించి, పని అవగానే తిరిగి ఇచ్చేస్తాం. ‘ఒక్క సెమిస్టరు కడితే చాలు, ఆ తరువాత వాడే చూసుకుంటాడు’ అంటాం. ఇల్లు తాకట్టు పెట్టామన్న సంగతి వాడికి తెలుసు. ఫోనులో ‘బాగానే వున్నానమ్మా’ అంటాడు, రాత్రంతా ఎక్కడో నిలబడి పనిచేసి, పొద్దున క్లాసులో నిద్రపోతాడు. ఆడపిల్లల సంగతీ అంతే.

అందుకని, పంపించే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోండి. ఆవరణ బయటి పని డబ్బును రాబడి కింద వేయకండి. మొత్తం చదువుకు సరిపడా డబ్బు దారి కనబడకపోతే ఒక ఏడాది ఆగినా, ఫీజు తక్కువున్న కాలేజీ చూసుకున్నా నామోషీ లేదు.

ఫోను చేసినప్పుడు ‘తిన్నావా నాన్నా’ అన్న తరువాత ఇంకో రెండు మాటలు అడగండి: ‘ఈ సెమిస్టరు ఎన్ని క్రెడిట్లు? డబ్బుకు ఇబ్బందిగా వుందా?’ వున్నదంటే తిట్టకండి. అనుకోని కష్టం నిజంగా వచ్చిపడితే, ఒక విద్యా సంవత్సరం గడిచినవారు డీఎస్ఓ ద్వారా ప్రభుత్వాన్ని అడిగి బయట పనికి అనుమతి పొందే ఏర్పాటు కూడా వుంది. అనుమతి లేని పని చేయకుండా, మరోలా స్టేటస్ తప్పినవారు 5 నెలలలోపు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇస్తారన్న హామీ లేదు గాని, అడిగే హక్కు వుంది. భయపడి దాచుకున్నవారికి ఆ గడువు కూడా దాటిపోతుంది.

ఊరగాయ మూటతో పాటు ఒక్క మాట కూడా కట్టి పంపండి: ‘‘ఏం జరిగినా ముందు ఆఫీసులో అడుగు, తరువాత మాకు చెప్పు. డబ్బు సంగతి మేం చూసుకుంటాం. దాచిపెట్టకు.’’ అంత ధైర్యం వెనకాల వున్న పిల్ల గాని, పిల్లవాడు గాని అడ్డదారి తొక్కడానికి రెండుసార్లు ఆలోచిస్తారు. వారి చదువు నిలుస్తుంది, మన ఇల్లూ నిలుస్తుంది.