పల్స్‌నెట్

ఒళ్లోకి తీసుకోగానే కుక్కపిల్ల మూతి నాకుతుంది. చూడ్డానికి హుషారుగా ఉన్న పిల్ల కడుపులోనూ క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. మనిషికి సోకితే జ్వరం, కడుపునొప్పి, ఒక్కోసారి రక్త విరేచనాలు.

2017 ఆగస్టులో అమెరికాలోని ఫ్లోరిడా ఆరోగ్య శాఖ ఇలాంటి ఆరు కేసుల గురించి ఆ దేశ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి చెప్పింది. ఆ ఆరుగురికీ కుక్కపిల్లలమ్మే ఒకే గొలుసు దుకాణాలతో సంబంధం ఉంది. మిగతా కేసుల ఆచూకీ తీయడానికి సాయపడింది పల్స్‌నెట్. ఇది 1996 నుంచి పనిచేస్తున్న ప్రయోగశాలల నెట్‌వర్క్. రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదివి ఉమ్మడి డేటాబేస్‌లో పెడతారు. ఎక్కడెక్కడి రోగుల్లోనో ఒకే పోలిక బ్యాక్టీరియా కనిపిస్తే, మూలం ఒకటేనేమోనని ఆరా మొదలవుతుంది: ఏం తిన్నారు, ఏ జంతువును ముట్టుకున్నారు? ఆ బ్యాక్టీరియా ఏ మందులకు లొంగదో కూడా ఆ జన్యుక్రమమే చాలావరకు చెప్పేస్తుంది.

చివరికి 18 రాష్ట్రాల్లో 118 మంది తేలారు. వారిలో 29 మంది దుకాణాల సిబ్బందే. సాధారణంగా వాడే యాంటీబయాటిక్స్‌కు ఆ బ్యాక్టీరియా లొంగలేదు. ఎందుకై ఉంటుందో కుక్కపిల్లల రికార్డులు చూస్తే అర్థమవుతుంది. పరిశీలించిన 149 కుక్కపిల్లల్లో 142కు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. సగానికి పైగా పిల్లలకు జబ్బేమీ లేకపోయినా ముందుజాగ్రత్త పేరుతోనే పట్టించారు! నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ లెక్కే.

2019లో మళ్లీ 13 రాష్ట్రాల్లో 30 మందికి సోకింది. పాత బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టమేనని జన్యుక్రమం పట్టిచ్చింది.