‘చైనీస్’ వంటకాలు: పేరు, రుచి, భోజన నిర్మాణం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లాలోని కమ్మర్‌పల్లి పసుపు పంటకు పేరుపొందిన ప్రాంతం. పసుపు పరిశోధన కేంద్రం ఇక్కడే ఉంది. ఈ ప్రాంతంలో పసుపు పడని ఇంటి కూర అరుదు. అయితే తెలంగాణ పట్టణాల్లో సాయంత్రపు బండ్లపై దొరికే మంచూరియాకు సాధారణంగా పసుపుతో పనిలేదు. దానితోపాటు ఫ్రైడ్ రైస్, నూడుల్స్‌కు కూడా వాడుకలో ‘చైనీస్’ అనే పేరు స్థిరపడింది. ఈ పేరు సూచించే ఆహారానికీ చైనా భోజన సంప్రదాయానికీ గల భేదాన్ని, పాశ్చాత్య రూపాంతరంతో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు రూపాంతరాలు

మంచూరియా ఈశాన్య చైనాలోని ప్రాంతం. ఆ పేరుగల వంటకం మాత్రం అక్కడిది కాదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చికెన్ మంచూరియన్‌ను రూపొందించాడని ప్రసిద్ధి. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మొదలయ్యే భారతీయ పద్ధతికి గరం మసాలా బదులు సోయాసాస్, మొక్కజొన్న పిండి చేర్చడం దాని విశేషం.

అమెరికాలో మార్పు తీపి వైపు సాగింది. హునాన్‌కు చెందిన పెంగ్ చాంగ్-కుయ్ 1950లలో తైవాన్‌లో రూపొందించిన ‘జనరల్ త్సో చికెన్’లో తీపి లేదు. 1970లలో న్యూయార్క్ చేరాక అది కరకరలాడే తియ్యని వేపుడైంది.

సిచువాన్ వంటలో మిరప కారంతోపాటు నాలుకను తిమ్మిరెక్కించే స్థానిక మిరియం ముఖ్యం. భారతీయ ‘షెజ్వాన్’ సాస్‌లో ఎండుమిర్చి, వెల్లుల్లి నిలిచాయి. ఆ తిమ్మిరి సాధారణంగా లోపించింది.

3. భోజన నిర్మాణం

రుచికన్నా మౌలికమైన భేదం భోజన నిర్మాణంలో ఉంది. చైనా భోజనంలో ‘ఫాన్’, ‘త్సాయ్’ అని రెండు భాగాలు. ఫాన్ అంటే వండిన ధాన్యం: దక్షిణాన వరి, ఉత్తరాన ఎక్కువగా గోధుమ. త్సాయ్ అంటే దానికి తోడుగా నలుగురూ పంచుకునే కూరలు. ‘చి ఫాన్’ అనే పలుకుబడికి అక్షరార్థం అన్నం తినడం, వ్యవహారార్థం భోజనం చేయడం. అది పలకరింపుగానూ వాడుకలో ఉంది. తెలుగులోని ‘అన్నం తిన్నరా?’ అనే పలకరింపులోనూ ఇదే అర్థవ్యాకోచం కనిపిస్తుంది.

4. ముగింపు

బండిమీది ఫ్రైడ్ రైస్‌లో అన్నం, కూర ఒకే పదార్థంగా కలిసిపోతాయి. కనుక నిర్మాణరీత్యా చైనా ఇంటి భోజనానికి దగ్గరగా ఉన్నది తెలుగు ఇంటి అన్నం-కూర. అలాగని బండి వంటకాన్ని నకిలీగా పరిగణించడం సరికాదు. అది వలస వచ్చిన వంట స్థానిక రుచితో కలిసి పొందిన కొత్త రూపం. తెలుగు నిఘంటువులు ‘మంచూరియా’ను ప్రాంతనామంగానే కాక, ఈ దేశంలో పుట్టిన వంటకం పేరుగానూ నమోదు చేయవలసిన అవసరం ఉంది.