సగం రోజులో 90 శాతం.. మిగతా పదికి 19 నెలలు!

‘ప్రాజెక్టు అయిపోయిందిరా, చిన్న చిన్న ఫినిషింగులే మిగిలాయి’. ఫైనలియర్‌లో ఈ మాట అనని వాళ్లుంటారా? నేనూ అన్నాను. వైవా రోజు డెమో మధ్యలో ఆగిపోయింది. ఆ చిన్న ఫినిషింగుల దగ్గరే! అందుకే ‘నాటు నాటు’ పాట వెనక కథ విన్నప్పుడు కాస్త గట్టిగానే తగిలింది.

కీరవాణి సంగీత దర్శకుడిగా చేసిన ‘మనసు మమత’ 1990లో వచ్చింది. ‘అన్నమయ్య’కు జాతీయ అవార్డు అందుకున్నారు. గీత రచయిత చంద్రబోస్ 1995లో ‘తాజ్‌మహల్‌’తో మొదలుపెట్టారు. అన్నట్టు, ఆయనా మనోడే.. హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ చదివారు. ‘ఆర్ఆర్ఆర్’ నాటికి ఇద్దరూ సీనియర్లే. ఈ పాట వాళ్లకి ఎడమ చేత్తో చేసేసే పని అనుకుంటాం కదా?

ముందు రిక్వైర్‌మెంట్

రాజమౌళి అడిగింది స్పష్టంగా ఉంది. ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఇద్దరూ గొప్ప డ్యాన్సర్లు. వాళ్లు కలిసి చిందేయాలి. కథ 1920ల నాటిది, ఆ కాలానికి పొసగని మాట పడకూడదు. తెల్లవాళ్ల విందులో ఎదురైన అవమానానికి జవాబు కావాలి. చివర్లో ఇద్దరి స్నేహమూ కనపడాలి.

చంద్రబోస్ జవాబు కోసం ఎక్కడికో వెళ్లలేదు. ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగెలో తాను పెరిగిన బాల్యాన్నే తవ్వుకున్నారు. దుమ్ము, ఎద్దు, మర్రిచెట్టు, జొన్నరొట్టె.. అన్నీ అక్కడివే. కీరవాణి మన జానపదాల్లో వినిపించే 6/8 నడక ఇచ్చారు.

ఆ పది శాతమే పరీక్ష

పాటలో 90 శాతం సగం రోజులో వచ్చేసిందని చంద్రబోస్ చెప్పారు. మిగతా పది శాతం పూర్తయ్యేసరికి 19 నెలలు పట్టింది. రోజూ అదే పని అని కాదు. కానీ ‘ఇక చాలు, ఎవరు చూస్తారులే’ అని వదిలేయలేదు. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో చిత్రీకరణ. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్. భారతీయ సినిమా నుంచి బెస్ట్ ఒరిజినల్ సాంగ్ ఆస్కార్ గెలిచిన తొలి పాట ఇదే.

ఇక్కడో మాట. ఆ సగం రోజు వేగం వెనక పాతికేళ్ల సాధన ఉంది. మనకింకా అది లేదు. అంటే చివరి పది శాతం మనకి ఇంకా ఎక్కువ అవసరమన్నమాట.

మనమేం చేయొచ్చు?

* జాబ్ డిస్క్రిప్షన్‌ని పాట సందర్భంలా చదవండి. అడిగిందేంటో ఒక వాక్యంలో రాసుకున్నాకే రెజ్యుమె ముట్టుకోండి.
* ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ లాంటి అరువు మాటలు తీసేయండి. మీరు నిజంగా చేసింది, చిన్నదైనా సరే, రాయండి.
* ప్రాజెక్టు రన్ అవగానే ఆపొద్దు. తప్పు ఇన్‌పుట్ ఇచ్చి చూడండి. రీడ్‌మీ రాయండి. మీ కోడ్ తెలియని ఫ్రెండ్‌తో రన్ చేయించండి.

మనకి 19 నెలలు ఎవరూ ఇవ్వరు. డెడ్‌లైన్‌కి రెండు రోజుల ముందే ‘అయిపోయింది’ అనుకోండి. ఆ రెండు రోజులూ చివరి పది శాతానికి ఉంచండి. నా డెమో ఆగిపోయింది ఆ రెండు రోజులు లేకే!