గుమ్మడి పొలంలో బుడతల పండగ

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో పిల్లల చూపంతా ఊరి చివరి పొలాల మీదే. రోజూ కంప్యూటర్‌తో ఆడే బుడతలు ఆ నెలలో మాత్రం మట్టిలో దిగుతారు, తీగల మధ్య పరుగులు తీస్తారు, తమకు నచ్చిన గుమ్మడికాయను ఇంటికి మోసుకొస్తారు. ఆ తర్వాత... ఇల్లంతా రంగులు, జిగురు, గింజలే!

సెప్టెంబరు చివరికి అక్కడ గాలి చల్లబడుతుంది. చెట్ల ఆకులు ఎర్రబారతాయి. పొలాల్లో గుమ్మడి తీగలు ఎండి, నేల మీద ఎవరో నారింజ రంగు బంతులు దొర్లించినట్టు కాయలు బయటపడతాయి. అప్పట్నుంచి అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ దాకా శని, ఆదివారాలు పిల్లలవే. అమ్మానాన్నలు వాళ్లను కార్లలో ఎక్కించుకుని పొలాలకు బయల్దేరతారు. మామూలు రోజుల్లో బడి పిల్లల్ని టీచర్లు తీసుకొస్తారు. ఆ పొలాల పేరే 'పంప్‌కిన్ ప్యాచ్'.

అక్కడ మొదటి సరదా ట్రాక్టరు. గడ్డిమోపులు వేసిన ట్రాలీలో కూర్చోబెట్టి పొలం మధ్యకు తీసుకెళ్తారు. దిగాక ఎవరి కాయ వాళ్లే వెతుక్కోవాలి. మూడేళ్ల బుడతడు ఎత్తలేని కాయను కౌగిలించుకుని ఇదే కావాలంటాడు. వాళ్లక్క అరచేతిలో ఒదిగే బుల్లికాయ చాలంటుంది. మేకపిల్లలకు మేత పెట్టడం, మొక్కజొన్న చేలో దారి తప్పి మళ్లీ దారి వెతుక్కోవడం అదనపు ఆటలు. 'కార్న్ మేజ్' అనే ఈ చిక్కుదారుల ఆట ఇప్పటి రూపంలో మొదలైంది 1993లో, పెన్సిల్వేనియాలోని ఆన్‌విల్‌లో.

ఆటలోనే పాఠం

చాలామంది నగరం పిల్లలకు కూరగాయలు సూపర్‌మార్కెట్లో కాస్తాయనే లెక్క! గుమ్మడి పొలం ఆ లెక్కను సరిచేస్తుంది. గుమ్మడి తీగకు మగపువ్వులు, ఆడపువ్వులు వేర్వేరు. ఆడపువ్వు కింద బుల్లి పిందె ముందే ఉంటుంది. తేనెటీగలు పుప్పొడి మోసుకొస్తేనే అది కాయవుతుంది. లేదంటే రాలిపోతుంది. విత్తు నాటాక కాయ చేతికి రావడానికి రకాన్ని బట్టి 90 నుంచి 120 రోజులు పడుతుంది. అందుకే హాలోవీన్ కోసం రైతులు మే చివర్లోనో జూన్‌లోనో విత్తుతారు. అన్ని రోజులు ఆగాలా అని పిల్లలు నోరెళ్లబెట్టేది ఇక్కడే.

రైతుకూ ఇది పెద్ద ఆసరా. కాయల్ని టోకుగా అమ్ముకుంటే వచ్చేదానికన్నా కుటుంబాలు పొలానికే వచ్చి కొనుక్కుంటే నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి. ప్రవేశ రుసుం, ట్రాక్టరు షికారు, యాపిల్ రసంతో చేసిన డోనట్లు... అన్నీ ఆదాయమే. కానీ ఉన్నది ఒక్క నెల. అందులో రెండు ఆదివారాలు వాన పడితే చిన్న రైతు లెక్క తలకిందులవుతుంది.

కత్తి వద్దు... కుంచె చాలు

గుమ్మడికాయకు కళ్లు, నోరు చెక్కి లోపల దీపం పెట్టే అలవాటు ఐర్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ టర్నిప్ దుంపల్ని చెక్కేవారు. వలస వచ్చినవాళ్లకు అమెరికాలో గుమ్మడికాయ దొరికింది. అది పెద్దది, తొలచడమూ తేలిక. 2013లో న్యూహాంప్‌షైర్‌లోని కీన్ పట్టణంలో ఇలాంటి 30,581 దీపాలు వెలిగించి రికార్డు సృష్టించారు.

అయితే చిన్నపిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దంటారు అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీవారు. పిల్లలు స్కెచ్‌పెన్‌తో ముఖం గీయాలి, కోసేపని పెద్దలు చూసుకోవాలి, లోపల కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెట్టాలి... ఇదీ వాళ్ల సలహా. అసలు కోయకుండానే బోలెడు చేయొచ్చు.

* కాయను తడిగుడ్డతో తుడిచి ఆరాక పిల్లలకు రంగులు, కుంచె ఇవ్వండి. నీళ్లతో కడిగితే పోయే రంగులైతే బట్టలకు బెంగ ఉండదు.
* ఊలు దారాలతో జుట్టు, రంగు కాగితాలతో చెవులు అంటిస్తే పిల్లీ కుందేలూ సిద్ధం. మూడేళ్లలోపు పిల్లలకు పూసలు, ప్లాస్టిక్ కళ్లు ఇవ్వకూడదు, మింగేస్తారు.
* నారింజ రంగు కాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించి, రెండు చివర్లూ కలిపి గుచ్చి, గుండ్రంగా విప్పితే కాగితపు గుమ్మడి తయారు. దీనికి కాయతో పనే లేదు.
* పెద్దలు పైభాగం కోసిస్తే లోపలి గింజల్ని పిల్లలే తోడతారు. పదేసి చొప్పున కుప్పలు పెట్టిస్తే లెక్కలూ వచ్చేస్తాయి.

ఇంటి ముందు నీలాకుపచ్చ రంగు వేసిన గుమ్మడి కనిపిస్తే దానికో అర్థముంది. ఆహారం పడని పిల్లలకు ఈ ఇంట్లో మిఠాయికి బదులు బొమ్మలు ఇస్తారని గుర్తు. 2014 నుంచి ఈ పద్ధతి దేశమంతా వ్యాపించింది.

కాయ ఎంచుకునేటప్పుడు తొడిమ గట్టిగా, తొక్క దెబ్బతగలకుండా ఉందో లేదో చూడాలి. తొడిమ పట్టుకుని ఎత్తితే ఊడిపోతుంది, కాయ త్వరగా కుళ్లుతుంది. చెక్కిన కాయ కొద్దిరోజులకే మెత్తబడుతుంది. చెక్కనిదైతే చల్లని చోట వారాల తరబడి నిలుస్తుంది.

మన గుమ్మడికీ పుట్టిల్లు అదే

గుమ్మానికి గుమ్మడి... ఈ మాట తెలుగువారికి కొత్తేమీ కాదు. కొత్త ఇంటికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడి కడతాం. సంక్రాంతికి గుమ్మడిపండు దానమిస్తాం. విచిత్రమేంటంటే బూడిద గుమ్మడి ఆసియా ఖండానిది. పులుసులో వేసుకునే తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చింది! మెక్సికోలోని ఓ గుహలో సుమారు 10,000 ఏళ్లనాటి గుమ్మడి గింజలు దొరికాయి. అంటే, అమెరికాలోని తెలుగు పిల్లలు పొలంలో ఏరుకునేది అమ్మమ్మ వంటింటి కాయకు చుట్టమన్నమాట.

పులుసు మాత్రం అలంకరణ కాయతో పెట్టొద్దు. చెక్కడానికి పెంచే పెద్ద కాయల్లో నీరు, పీచు ఎక్కువ. అక్కడి దుకాణాల్లో 'పై పంప్‌కిన్' పేరుతో దొరికే చిన్న కాయలే రుచి. రంగు వేసినవి, రోజుల తరబడి కోసి ఉంచినవి అసలే తినకూడదు.

పండగయ్యాక ఆ కాయలన్నీ చెత్తబండి ఎక్కితే డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లి మీథేన్ వాయువు వదులుతాయి. ముక్కలు చేసి, రంగు ఉన్న తొక్క తీసేసి పెరటిమట్టిలో కలిపితే ఎరువవుతుంది. గింజలు నాలుగు కడిగి ఆరబెట్టి దాచిపెడితే మంచిది. వేసవి వచ్చాక వాటిని పిల్లలతోనే నాటిస్తే కాయ ఎక్కడ కాస్తుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.