విత్తడానికి 'సో'... పందికి 'సౌ'

పంటల బీమా దరఖాస్తులో 'డేట్ ఆఫ్ సోయింగ్' అని ఒక గడి ఉంటుంది. విత్తిన తేదీ అన్నమాట. ఆ గడిలో కొందరు విత్తనాలు కొన్న తేదీ వేస్తుంటారు. తర్వాత పొలంలో పైరు వయసుకు, కాగితానికి పొంతన కుదరక ఇబ్బంది పడేది రైతే. అందుకే ఈ మాట సంగతి కాస్త తెలుసుకుందాం.

ఎస్, ఓ, డబ్ల్యూ. ఈ మూడక్షరాలను 'సో' అని పలికితే విత్తడం. 'సౌ' అని పలికితే ఆడపంది. రాత ఒకటే గానీ రెండూ వేర్వేరు మాటలు.

విత్తే మాట పాత ఇంగ్లీషులో 'సావన్'. విత్తనాన్ని చెప్పే 'సీడ్' కూడా ఆ వేరు నుంచి వచ్చిందే, మనకు విత్తు, విత్తనం ఉన్నట్టు. మనం రోజూ అనే 'సీజన్' కూడా దీనికి దూరపు చుట్టమే. లాటిన్ భాషలో విత్తడాన్ని 'సాటియో' అనేవారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి సీజన్ అయింది. అంటే సీజన్ అంటే మొదట విత్తే అదనే! పెళ్లిళ్ల సీజన్, మామిడిపళ్ల సీజన్ ఆ తర్వాత వచ్చినవి.

ఇక పంది మాట. పాత ఇంగ్లీషులో 'సూ' అనీ, 'సుగు' అనీ అనేవారు. సంస్కృతంలో పందిని 'సూకరం' అంటారు కదా, ఆ 'సూ', ఈ 'సూ' ఒకే మూలానివి. ఇంగ్లీషు, సంస్కృతం ఒకే భాషా కుటుంబానికి చెందినవి మరి. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. సూకరం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది, 'పంది' మన సొంతం.

ఇంగ్లీషులో 15వ శతాబ్దం నుంచి దీర్ఘాల పలుకుబడి బాగా మారింది. ఆవును 'కూ' అనేవారు, 'కౌ' అయింది. ఇంటిని 'హూస్' అనేవారు, 'హౌస్' అయింది. అలాగే 'సూ' కాస్తా 'సౌ' అయింది. 'సావన్' మాత్రం వేరే దారిన పోయి 'సో' దగ్గర ఆగింది. పిల్లలకు చెప్పాలంటే ఇలా చెప్పండి: పశువులైతే కౌ, సౌ. పైరైతే సో, గ్రో. గ్రో అంటే పెరగడం. బట్టలు కుట్టడాన్నీ 'సో' అనే పలుకుతారు గానీ దానికి మధ్య అక్షరం ఈ.

విత్తనాలతో ఇచ్చే కరపత్రంలో 'సోయింగ్ టైమ్' అంటే విత్తే కాలం, 'సోయింగ్ డెప్త్' అంటే ఎంత లోతున విత్తాలో. విత్తిన తేదీని సంచి మీదే రాసి, ట్యాగు, బిల్లుతో కలిపి పంట చేతికి వచ్చేదాకా దాచండి. మొలక రాలేదని ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందుగా అడిగేవి ఇవే.

పందుల పెంపకం కాగితాల్లో '10 సౌ, 1 బోర్' అని ఉంటే పది ఆడపందులు, ఒక మగపంది. హిందీలో సౌ అంటే నూరు కదా అని వెయ్యి పందులు అనుకునేరు! సౌ చూలు కట్టాక ఈనడానికి సుమారు 114 రోజులు పడుతుంది. అంటే మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు.